26న ప్రమాణం, ఇంట్లో మూడు అలకలు

మెల్‌బోర్న్ పడమటి శివారు వెర్రిబీ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పొడుగైన ఉత్తరం కాబట్టి కుదించి చెబుతున్నాను. పేర్లు వద్దన్నారు.

ఆమెకు నలభై రెండేళ్లు. పుట్టిల్లు వరంగల్, అత్తిల్లు తెనాలి. భర్త 2008లో చదువుకోసం మెల్‌బోర్న్ వెళ్లారు. పగలు కాలేజీ, రాత్రి టాక్సీ. 2009లో అక్కడ భారతీయ విద్యార్థుల మీద వరసగా దాడులు జరిగిన రోజుల్లో, ఒక రాత్రి రైల్వే స్టేషన్ బయట ఆయన్ని కొట్టి పర్సు, ఫోను లాక్కుపోయారు. ఎడమ కనుబొమ మీద కుట్ల మచ్చ ఇప్పటికీ ఉందట. తర్వాత ఈమె వెళ్లారు. 2010లో పాప పుట్టింది. పీఆర్ కోసం, అంటే శాశ్వత నివాస అనుమతి కోసం, ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. ఇప్పుడు ఇద్దరికీ పౌరసత్వం మంజూరైంది. జనవరి 26 ఉదయం, ఆస్ట్రేలియా డే నాడు, వచ్చి పౌరసత్వ ప్రమాణం చెయ్యమని స్థానిక కౌన్సిల్ నుంచి కబురొచ్చింది.

భర్త ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పెరట్లో షామియానా, నలభై మందికి బార్బెక్యూ, పక్కన దమ్ బిర్యానీ. ముగ్గురికీ ఆస్ట్రేలియా జెండా ముద్రించిన చొక్కాలు కూడా కొనేశారు.

పదో తరగతి చదువుతున్న కూతురు ఆ చొక్కా తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసింది. బళ్లో ఆమె ప్రాణస్నేహితురాలు అబొరిజినల్, అంటే అక్కడి ఆదివాసీ పిల్ల. ఆ పిల్ల అమ్మమ్మని చిన్నప్పుడు ప్రభుత్వం వాళ్లు తల్లి దగ్గర్నుంచి తీసుకుపోయి ఏదో హోమ్‌లో పెట్టారట. "అది ఇన్వేజన్ డే, ఆక్రమణ దినం. ఆ రోజు నేను ర్యాలీకి వెళ్తాను. నువ్వు డాన్స్ చేసుకో నాన్నా, నువ్వూ ఆ ఆక్రమించినవాళ్లలో ఒకడివే" అంది. ఆయన కంచం తోసేసి లేచారు. "నేను ఎవడి నేలా లాక్కోలేదు. పద్దెనిమిదేళ్లు ఒళ్లు హూనం చేసుకుని సంపాదించుకున్నాను" అన్నారు. ఆరు రోజులుగా తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు.

ఇది చాలదన్నట్టు మావగారు. రిటైరైన పంతులుగారు. నవంబరులో కొడుకింటికి వచ్చారు, ఫిబ్రవరి 12న తిరుగు ప్రయాణం. తెనాలిలో ప్రతి జనవరి 26కీ డాబా మీద జెండా ఎగరేసి వీధి పిల్లలకి చాక్లెట్లు పంచే మనిషి. "మీరు ఆ దేశస్థులవుతానంటే నేను కాదనను. మన గణతంత్ర దినం నాడే కావాలట్రా?" అని ఒక్క మాట అని, ఆ రాత్రి మజ్జిగన్నం కూడా వద్దని పడుకున్నారు.

ప్రమాణం వాయిదా వేసుకోవాలా, పార్టీ మానెయ్యమని భర్తకి చెప్పాలా, అమ్మాయిని ర్యాలీకి పంపాలా, మావగారికి ఏం సమాధానం చెప్పాలి? ఇవీ ఆమె ప్రశ్నలు. చెత్తబుట్టలోంచి చొక్కా తీసి, ఉతికి, మడతపెట్టి, ఎవరికీ కనపడకుండా తన బీరువాలో దాచానని రాశారు. ఉత్తరం చివర ఒక ముక్క: "ఆ రోజు పొద్దున్నే నాకు ఏడుపొస్తుందేమోనని భయంగా ఉందండీ. ఎందుకో నాకే తెలీదు."

* * *

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మావగారి గురించి ఒక పేజీ, మీవారి గురించి ఒకటిన్నర, పాప గురించి రెండు పేజీలు. మీ గురించి ఆ చివరి ముక్కే. దాని దగ్గరకి మళ్లీ వస్తాను.

మీ ఇంట్లో ప్రమాణం, తేదీ, పార్టీ అనే మూడు సంగతులు ఒకే ముడిలో పడి బిగుసుకున్నాయి. మావగారి బాధ ఆ ప్రమాణం మన గణతంత్ర దినం నాడు పడటం గురించి. పాప కోపం తేదీ మీద, ఆ తేదీన డాన్స్ మీద. మీవారి పంతం పార్టీ మీదున్నట్టు కనిపిస్తుంది గానీ, కనుబొమ మీది ఆ మచ్చకి ఇన్నాళ్లకి ఒక జవాబు దొరికిందని ఆయన సంబరం. ఒకరు ఒకదాని గురించి అంటుంటే ఇంకొకరికి ఇంకోటి వినిపిస్తోంది. అందుకే ఎంత అరిచినా తేలడం లేదు.

ముందు తేదీ సంగతి. నాకు చిన్నప్పటి నుంచీ జనవరి 26 అంటే బళ్లో కాగితం పొట్లంలో పెట్టిచ్చే బూందీయే. ఆ తేదీకి మరోచోట మరో అర్థం ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. 1788లో అదే రోజున కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ రేవులో బ్రిటిష్ జెండా పాతాడు. ఇంగ్లండు నుంచి 11 ఓడల్లో ఖైదీల్నీ సైనికుల్నీ తెచ్చి దించాడు. అప్పటికి వేల తరాలుగా అక్కడ మనుషులున్నారు. ఆ నేల ఎవరిదీ కాదన్నట్టుగానే తెల్లవాళ్ల చట్టం రెండు శతాబ్దాలు నడిచింది. 1992లో మాబో కేసులో అక్కడి హైకోర్టు, అంటే వాళ్లకి అదే సర్వోన్నత న్యాయస్థానం, ఆ వాదం చెల్లదని తేల్చింది.

మీరుండే వైపు సంగతి ఇంకా చిత్రం. 1835లో జాన్ బ్యాట్‌మన్ అనేవాడు వచ్చి దుప్పట్లు, కత్తులు, అద్దాలు, పిండి ఇచ్చి అక్కడి పెద్దల దగ్గర సుమారు 6 లక్షల ఎకరాలు కొన్నానన్నాడు. గవర్నర్ ఆ ఒప్పందం చెల్లదన్నాడు. ఆదివాసులకి అన్యాయం జరిగిందని కాదు సుమా, ఆ భూమి రాజుగారిదైతే అమ్మడానికి వాళ్లెవరని! వెర్రిబీ అన్న పేరు కూడా అక్కడి పాతవాళ్ల మాటే. వెన్నెముక అని అర్థం చెబుతారు.

కాబట్టి పాప ఊరికే మాట్లాడటం లేదు. ఆమె స్నేహితురాలి అమ్మమ్మకి జరిగింది ఒక ఇంటి కథా కాదు. 1970ల దాకా వేలమంది ఆదివాసీ పిల్లల్ని అలా తీసుకుపోయారు. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పారు. మీవారు మెల్‌బోర్న్‌లో అడుగుపెట్టింది కూడా 2008లోనే కదా.

అయితే తండ్రిని ఆక్రమించినవాళ్లలో కలిపెయ్యడం తప్పు. అది పాపకి చెప్పాల్సింది మీరే, తండ్రి లేనప్పుడు, మెల్లగా. రాత్రుళ్లు టాక్సీ తోలి దెబ్బలు తిన్నవాడినీ ఓడలో తుపాకులతో దిగినవాడినీ ఒకే గాటన కడితే ఆమె స్నేహితురాలి బాధకి ఒరిగేదేమీ లేదు. మీవారు కూడా "నేను లాక్కోలేదు" అన్నచోట ఆగిపోతే లాభం లేదు. ఆయన లాక్కోలేదు, నిజమే. ఎప్పుడో ఎవరో లాక్కున్న నేల ప్లాట్లు పడి, చేతులు మారి, చివరికి మీ ఇంటి గృహరుణం దాకా వచ్చింది, అదీ నిజమే. ఈ రెండు నిజాలూ తండ్రీకూతుళ్లిద్దరి నోటా రావాలి.

ఆ తేదీ గురించి ఆస్ట్రేలియా వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఉంటుందని మీరు ఎదురుచూడనూ వద్దు. 1915లో యుద్ధ విరాళాల కోసం జులై 30న ఆస్ట్రేలియా డే చేశారు. అన్ని రాష్ట్రాలూ కచ్చితంగా జనవరి 26నే సెలవు ఇవ్వడం మొదలైంది 1994 నుంచి. అంటే పట్టుమని నలభై ఏళ్ల వయసు కూడా లేని ఆచారం. తేదీ ఉండాలనే వాళ్లకీ ఒక మంచి ఆధారం ఉంది. ఆస్ట్రేలియా పౌరసత్వం అనే హోదా చట్టం ద్వారా అమల్లోకి వచ్చింది 1949 జనవరి 26నే. అంతకు ముందు అక్కడ అందరూ బ్రిటిష్ ప్రజలే. ఆదివాసుల్లో కూడా ఒకే మాట లేదు. సెనేటర్ జసింటా ప్రైస్ తేదీ మార్చక్కర్లేదంటారు. తేదీ మారిస్తే సరిపోదు, ఆ పండగే వద్దనేవాళ్లూ ఉన్నారు. ఆదివాసుల సలహా మండలిని రాజ్యాంగంలో చేర్చడానికి 2023 అక్టోబరులో రిఫరెండం పెడితే నూటికి అరవై మంది కాదన్నారు. మీ ఇంట్లో కంచాలు తోసేసినంత మాత్రాన ఇది తేలదు.

ఇలాంటి గొడవ మనకి కొత్తా? మీది వరంగల్. సెప్టెంబరు 17ని ఏమనాలో మీ తాతల నుంచీ తేలిందా? ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. 2022లో ఒకే హైదరాబాదులో ఒకే రోజున రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమనీ, కేంద్ర ప్రభుత్వం విమోచన దినమనీ రెండు జెండాలు ఎగరేశాయి. 2024లో కొత్త ప్రభుత్వం దానికి ప్రజాపాలన దినోత్సవమని పేరు పెట్టింది. మీ అత్తవారి వైపు చూస్తే, రాష్ట్రం విడిపోయాక ఆంధ్రలో నవంబరు 1 వేడుక కొన్నేళ్లు ఆగింది, జూన్ 2న దీక్ష చేశారు, 2019లో మళ్లీ నవంబరు 1కి వచ్చారు. నేల పోగొట్టుకున్నవాళ్ల దుఃఖాన్ని వీటితో తూచలేం, పోలిక అంతవరకే. కానీ ఒక్క తేదీకి ఒక్కో గడపలో ఒక్కో పేరుంటుందని తెలుగువాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక ప్రమాణం. అందులో ఏముందో ఒకసారి నలుగురూ కూర్చుని చదవండి. ఆస్ట్రేలియాకీ అక్కడి ప్రజలకీ విధేయంగా ఉంటాను, వాళ్ల ప్రజాస్వామ్య విశ్వాసాలు నావి కూడా, వాళ్ల హక్కుల్నీ స్వేచ్ఛల్నీ గౌరవిస్తాను, చట్టాలకి లోబడి ఉంటాను అనే ఉంది. ఆర్థర్ ఫిలిప్ ఊసు లేదు, ఓడల ఊసు లేదు. దేవుడి పేరుతో ఒకటి, లేకుండా ఒకటి, రెండు రకాలున్నాయి. మీకు నచ్చింది చెప్పవచ్చు. "ప్రజలకీ" అన్న మాటలో పాప స్నేహితురాలి అమ్మమ్మ కూడా ఉంది.

పాప ప్రమాణం చెయ్యాల్సిన పనే లేదు. అక్కడ పుట్టి అక్కడే పెరిగిన పిల్ల కాబట్టి పదేళ్లు నిండిన రోజే చట్టం ప్రకారం ఆమె పౌరురాలైపోయింది. ఇది మీవారికి తెలుసో లేదో గానీ చెప్పండి. ఆ ఇంట్లో ముందునుంచీ ఉన్న ఆస్ట్రేలియన్ ఆ పిల్లే. తన దేశం మీద తనకి కోపం రావడంలో వింతేముంది?

వాయిదా వేసుకోవచ్చా అంటే, వేసుకోవచ్చు. 2022 డిసెంబరు నుంచి ఆస్ట్రేలియా డే పౌరసత్వ వేడుకని మూడు రోజులు అటూ ఇటూ జరుపుకునే వెసులుబాటు కౌన్సిళ్లకి ఇచ్చారు. 2017లో తేదీ మీద నిరసనగా అసలు వేడుకే మార్చేసినందుకు మెల్‌బోర్న్‌లోనే యారా, డేరెబిన్ కౌన్సిళ్లకి పౌరసత్వ వేడుకలు జరిపే అధికారాన్ని కేంద్రం తీసేసింది. అప్పటికీ ఇప్పటికీ గాలి అంత మారింది. మీ కౌన్సిల్ 26నే పెట్టుకుంది. కానీ ఏడాదిలో ఇంకా వేడుకలుంటాయి. ఫలానా రోజు రాలేను, వేరే తేదీ ఇవ్వండి అని ఈమెయిల్ పెట్టి అడగండి. మంజూరైన ఏడాదిలోగా ప్రమాణం చెయ్యాలన్నది మాత్రం గుర్తుంచుకోండి, దాటితే మంజూరే రద్దు కావచ్చు.

వాయిదా వేస్తే ఏమవుతుంది? మావగారికి గణతంత్ర దినం మిగులుతుంది. పాప కోపం సగం చల్లారుతుంది. మీవారికి మాత్రం, తనింట్లో తన మాట చెల్లలేదన్న ముల్లు గుచ్చుకుంటుంది. 2009లో ఆ స్టేషన్ బయట ఎవరూ తన వైపు నిలబడలేదు. ఇప్పుడు సొంతవాళ్లూ నిలబడలేదనుకుంటారు. ఆయనంతట ఆయన "మారుద్దాం" అంటే మార్చండి. మీ ముగ్గురూ ఒకటై మార్పించకండి. తర్వాత ఏ మార్చిలోనో ప్రమాణం చేస్తే, ఆ హాల్లో మీ వెనక కుర్చీలో మావగారు ఉండరు. కొడుకు ప్రమాణం చూడటమే ఆయనకి కష్టమో, చూడకపోవడం కష్టమో నాకు తెలీదు. మీకూ తెలీదనుకుంటాను. అడిగారా?

రెండో దారి, 26నే వెళ్లి ప్రమాణం చెయ్యడం, పార్టీని మాత్రం ఇంకో రోజుకి జరపడం. నాకు ఇది కాస్త దగ్గరగా అనిపిస్తోంది. పాపకి నొప్పి ప్రమాణం దగ్గర కంటే షామియానా దగ్గర ఎక్కువుంది. పొద్దున హాల్లో గంటన్నర గంభీరంగా జరిగేది వేరు, మధ్యాహ్నం స్పీకర్లు పెట్టి ఊగిపోయేది వేరు. చాలా చోట్ల ఆ వేడుక మొదట్లో అక్కడి ఆదివాసీ పెద్దలు స్వాగతం పలుకుతారు, లేదా వాళ్ల నేలకి నమస్కరించి మొదలుపెడతారు. జాతీయ గీతంలో "యవ్వనంలో ఉన్నాం" అనే అర్థం వచ్చే మాటని 2021 జనవరి 1 నుంచి తీసేసి "ఒక్కటిగా ఉన్నాం" అనే మాట పెట్టారు. వేల తరాల వాళ్లు ఉన్న దేశాన్ని పట్టుకుని పసిదంటే ఎట్లా అనే కదా! పాప ఒకసారి వచ్చి చూస్తానంటే చూడనివ్వండి, రానంటే బలవంతం వద్దు. నలభై మందికి ఇప్పటికే చెప్పేశారు, షామియానాకి అడ్వాన్సు ఇచ్చేశారు, మీవారికి అదొక నామర్దా. ఫిబ్రవరి మొదటి వారంలో శనివారం అని మెసేజ్ పెడితే బిర్యానీకి ఎవరూ రామనరు. మావగారూ ఇంకా అక్కడే ఉంటారు.

మూడోది, ఏదీ మార్చకుండా ఎవరి దారిన వాళ్లు పోవడం. పెద్దవాళ్లు హాల్లో, పాప ర్యాలీలో, మావగారు గదిలో. ఆరోజుకి గండం గడుస్తుంది. కానీ పదిహేనేళ్ల పిల్లకి తను పట్టుకున్న విషయం ఇంట్లో ఎవరికీ పట్టదని తెలిసిపోతుంది. అక్కణ్ణుంచి ఇంట్లో ఏదీ చెప్పదు. నాకు ఇది నచ్చలేదు. నచ్చనిదాన్ని నచ్చినట్టు రాయలేను.

ర్యాలీ గురించి. ఏటా నగరంలో పార్లమెంటు భవనం మెట్ల దగ్గర మొదలవుతుంది. వేలమంది వస్తారు, పిల్లల్ని భుజాన ఎత్తుకుని కూడా వస్తారు. వెళ్తానంటే వద్దనకండి, ఒంటరిగా పంపకండి. మీరు వెళ్లగలిగితే మీరే వెళ్లండి. స్నేహితురాలి ఇంటివాళ్లతో వెళ్తానంటే ముందు ఆ తల్లికి ఫోను చెయ్యండి. ఆ రోజు వాళ్లకి శోకం కూడా, మన పిల్లని కనిపెట్టుకుని ఉండే ఓపిక ఉందో లేదో అడగాలి కదా.

ర్యాలీకి రైల్లో వెళ్తూ ఫుట్‌స్క్రే స్టేషన్ దగ్గర పాపకి ఒక వంతెన చూపించండి. పట్టాల మీదుగా నడిచే ఆ వంతెనకి విలియం కూపర్ పేరు పెట్టారు. యోర్టా యోర్టా అనే ఆదివాసీ తెగవాడు, ముసలితనంలో ఫుట్‌స్క్రేలో కాపురమున్నాడు. తమ వాళ్లకి పార్లమెంటులో చోటు కావాలని ఊరూరా తిరిగి 1,814 సంతకాలు సేకరించి బ్రిటిష్ రాజుకి అర్జీ రాశాడు. ప్రభుత్వం దాన్ని రాజుకి పంపనే లేదు. 1938 జనవరి 26న, ఓడలు దిగి 150 ఏళ్లయిందని సిడ్నీ అంతా ఊరేగుతుంటే, కూపరూ, తోటి ఉద్యమకారులు జాక్ ప్యాటెన్, విలియం ఫెర్గుసన్‌లూ, ఇంకో వందమందీ ఒక హాల్లో నల్లబట్టలు కట్టుకుని సంతాప దినం జరిపారు. వెనక తలుపులోంచి రమ్మన్నారు వాళ్లని. అక్కడ వాళ్లు తీర్మానం చేసి అడిగిందేమిటో తెలుసా? పూర్తి పౌరసత్వం, సమానత్వం.

ఈ ముక్క మీవారికి చెప్పండి. ఏ కాగితం కోసం ఆయన పద్దెనిమిదేళ్లు ఎదురుచూశారో, ఆ నేల మీద పుట్టినవాళ్లు దానికోసమే అదే తేదీన వెనక తలుపులోంచి లోపలికి వెళ్లారు. ఎదురుచూపంటే ఏమిటో ఆయనకి నేను చెప్పక్కర్లేదు. పాపతో మాట కలపడానికి అంతకన్నా మంచి చోటు నాకు తోచలేదు. ఇంకోటి కూడా చెప్పండి. 2023 రిఫరెండంలో ఆయనకి ఓటు లేదు. ప్రమాణం చేశాక ఓటు వస్తుంది, అక్కడ వెయ్యకపోతే జరిమానా కూడా. తేదీ మారాలని పాప కోరుకుంటే, ఆమెకి పద్దెనిమిది వచ్చేదాకా ఆ ఇంట్లో ఓట్లు అమ్మానాన్నలవే. నాన్నతో మాట్లాడక తప్పదు!

మావగారి దగ్గర తప్పించుకోవద్దు. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఇంకో దేశపు పౌరసత్వం కోరి తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం పోతుంది, మన చట్టం అంతే. జనవరి 26న ప్రమాణం చేస్తే జనవరి 26నే పోతుంది. పాస్‌పోర్టు సరెండర్ చెయ్యాలి, దానితో మళ్లీ ప్రయాణం చెయ్యకూడదు, ఇక్కడికి రావాలంటే వీసా గానీ, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు గానీ తీసుకోవాలి. "కార్డు ఉంటుంది కదా నాన్నా, ఏం తేడా లేదు" అని మీవారు అంటున్నారని రాశారు. ఆ మాటే పెద్దాయనకి ఎక్కువ గుచ్చుకుంటోందేమో. తేడా ఉంది. ఉందని ఒప్పుకోండి. పంతులుగారు కాబట్టి ఆయనకి తెలిసే ఉంటుంది, 1949 నవంబరులోనే ఆమోదించిన రాజ్యాంగాన్ని జనవరి 26 దాకా ఆపింది ఎందుకో. 1930లో అదే రోజున పూర్ణ స్వరాజ్యమని ఊరూరా ప్రతిజ్ఞ చేశారు కాబట్టి. ఆ తర్వాత ఎనిమిదేళ్లకి సిడ్నీలో జరిగిన సంతాప దినం గురించి ఆయన చేత మనవరాలికి చెప్పించండి, లేదా మనవరాలి చేత ఆయనకి. రాజుకి రాసిన అర్జీ అంటే మన పెద్దవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఆ పొద్దున మీ పెరట్లో ఆయన్ని జెండా ఎగరెయ్యనివ్వండి. తెల్లారి ఆరింటికి, మీరు హాలుకి బయల్దేరకముందే. ఆ సమయానికి మీరింకా ఆయన దేశస్థులే.

ఇప్పుడు మీ ఏడుపు. రానివ్వండి. వరంగల్ ఒకసారి వదిలారు, తెనాలి ఒకసారి వదిలారు, ఇప్పుడు పాస్‌పోర్టు. మీవారికి అది గెలుపు కాబట్టి మీకూ గెలుపే అనిపించాలని ఎక్కడా లేదు. ఇంట్లో ముగ్గురూ తలా ఒక అలక పట్టుకుంటే మీకు పట్టుకోవడానికి ఏదీ మిగల్లేదు, చొక్కాలు ఉతకడం తప్ప. మీకు ఆ రోజు ప్రమాణం చెయ్యాలని ఉందా? ఆయనతో పాటే చెయ్యాలని రూలేమీ లేదు, దరఖాస్తులు ఎవరివి వారివే. ఆయన 26న, మీరు ఇంకో నెలలో, లేదా ఇద్దరూ కలిసే. మిమ్మల్ని ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. జవాబు నాకు రాయక్కర్లేదు.

బీరువాలో చొక్కా అక్కడే ఉండనివ్వండి ప్రస్తుతానికి. కౌన్సిల్‌కి ఈమెయిల్ పెట్టే పనయితే మాత్రం, దానికి ముందు మావగారి టికెట్టు అప్పటిదాకా పొడిగించడానికి ఎంతవుతుందో కనుక్కోండి.